బుస ఆగాక మొదలైన గొడవ: ఒకే ఇంట్లో రెండు పిల్లుల కేసు

ఈ కేసు నా దగ్గరికి "మంచం మీద మూత్రం" అన్న ఫిర్యాదుతో వచ్చింది. నాలుగేళ్ళ మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినది. ఊహ తెలిశాక ఒక్కనాడూ లిట్టర్ బాక్సు (పిల్లి మలమూత్రాలకు పెట్టే మట్టి పెట్టె) తప్పలేదట. అలాంటిది నాలుగైదు రోజులుగా మంచం మీదే పోస్తోంది. "హాస్పిటల్లో వదిలేసి వచ్చామని మా మీద కసి డాక్టర్ గారూ, కావాలనే చేస్తున్నాడు" అన్నారు ఇంటావిడ ఫోన్లో. కసితో మంచం తడిపే పిల్లిని, జంతువుల ప్రవర్తన సమస్యలు చూసే ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నేను చూడలేదు. కానీ హాస్పిటల్ అన్న మాట వినగానే కాగితం మీద ఆ మాట చుట్టూ ఒక గుండ్రం గీశాను. "ఇంట్లో ఇంకో పిల్లి ఉందా?" అని అడిగాను. ఉంది.

పేర్లు మార్చాను, ఇంటివాళ్ళ వివరాలు తీసేశాను. మగపిల్లిని బంటి అందాం. అదే ఈతలో పుట్టిన ఆడపిల్లిని చుక్క అందాం. ఇద్దరూ ఎనిమిదో వారంలో కలిసే ఆ ఇంటికి వచ్చారు. ఒకరి మెడ మీద ఒకరు తల పెట్టుకుని పడుకున్న ఫొటోలు ఆవిడ నాకు ఓ పాతిక పంపారు.

ముందు జరిగింది

బంటికి మూత్రం బిగుసుకుపోయింది. మగపిల్లుల మూత్రనాళం సన్నం. లోపల వాచినా, చిన్న జిగట ముద్ద అడ్డుపడినా దారి మూసుకుపోతుంది. ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇంటివాళ్ళు ఆలస్యం చేయలేదు. హాస్పిటల్లో క్యాథెటర్ వేసి రెండు రాత్రులు ఉంచారు. రాళ్ళు లేవు, ఇన్‌ఫెక్షన్ లేదు. మూడో రోజు నొప్పి మందులు ఇచ్చి, ఒళ్ళు నాక్కోకుండా మెడకు ప్లాస్టిక్ కోన్ తగిలించి ఇంటికి పంపారు. వైద్యం వరకు అంతా సవ్యంగానే జరిగింది.

ఇంటికి రాగానే హాల్లో క్యారియర్ (పిల్లిని తీసుకెళ్ళే పెట్టె) తలుపు తీశారు. చుక్క తోకను నిలువుగా ఎత్తి ఎదురొచ్చింది. పిల్లుల్లో నిలువు తోక స్నేహంగా వస్తున్నానని చెప్పే గుర్తు. మూతి దగ్గరికి వచ్చి ఆగింది. నోరు కొద్దిగా తెరిచి వాసన లాగింది. బుస కొట్టింది. బంటి పక్కనుంచి జారుకోబోతే కోన్ గోడకు రాసుకుని బర్రుమంది. అంతే, చుక్క మీదపడి రక్కేసింది. ఇంటాయన అరిచి, చేతికి దొరికిన నీళ్ళు చల్లారు.

ఆ తర్వాతి నాలుగు రోజుల్లో ఇంట్లో అందరూ తలా ఒక ప్రయత్నం చేశారు, అందరూ మంచి మనసుతోనే. ఆవిడ చుక్క బుస కొట్టినప్పుడల్లా మందలించారు. పదేళ్ళ బాబు బంటిని ఎత్తుకుని చుక్క ముక్కుకు ఆనించి "చూడవే, మన బంటే" అని చూపించాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా గీతలు పడ్డాయి. ఆఖరికి ఇంటాయన "ఒకే కడుపున పుట్టినవి, వాటిలో అవే తేల్చుకుంటాయి" అని రెండింటినీ ఒక గదిలో వదిలి గంటసేపు తలుపు వేశారు. తలుపు తీసేసరికి బంటి మంచం కింద, గోడకు అతుక్కుని ఉన్నాడు.

ఐదో రోజుకి బుస తగ్గింది. వారం తిరిగేసరికి పూర్తిగా ఆగిపోయింది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మంచం తడవడం మొదలైంది సరిగ్గా అప్పుడే. నాకు ఫోన్ వచ్చింది పన్నెండో రోజున.

తొమ్మిది గంటల వీడియో

నేను మొదట అడిగింది ప్రవర్తన గురించి కాదు. ఆ సాయంత్రమే వాణ్ణి తీసుకెళ్ళి మూత్రసంచి పట్టి చూపించుకోమన్నాను. ఒకసారి బ్లాక్ అయిన మగపిల్లికి మొదటి కొన్ని వారాల్లోనే మళ్ళీ అయ్యే భయం ఎక్కువ. సంచి చిన్నగా, మెత్తగా ఉందని, మూత్రం పరీక్షలో వాపు గుర్తులు మాత్రం ఇంకా పోలేదని చికిత్స చేసిన డాక్టరు చెప్పాకే మిగతా మాటలు మొదలుపెట్టాం. ఈ వరస తారుమారై, పిల్లి "అలిగింది" అనుకుంటూ కూర్చున్న ఇళ్ళు నాకు తెలుసు. అవి నేను రాసుకోదలచుకున్న కేసులు కావు.

లిట్టర్ బాక్సులు ఎన్ని అని అడిగితే "రెండు పిల్లులకి రెండు" అన్నారు. రెండూ కారిడార్ చివరి బాత్రూంలో పక్కపక్కనే ఉన్నాయి. పిల్లి లెక్కలో అది ఒక్కటే బాక్సు. ఎందుకంటే దారి ఒక్కటే.

పాత ఫోన్ ఒకటి కారిడార్ చివర నేల మట్టాన పెట్టి రాత్రంతా రికార్డు చేయమన్నాను. తొమ్మిది గంటల వీడియో వచ్చింది. వేగం పెంచి చూస్తే ఏమీ జరగలేదనే అనిపిస్తుంది. చుక్క కారిడార్ మధ్యలో, ముందుకాళ్ళు ఛాతీ కిందకి మడుచుకుని కూర్చుని ఉంది. కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. ఒంటిగంట దాటాక బంటి పడకగది గుమ్మంలోకి వచ్చాడు. చుక్క తల కొంచెం లేచింది. చెవులు నిటారుగానే ఉన్నాయి గానీ, వెనక భాగం ఎదుటివాడికి కనబడేలా తిరిగాయి. తోక కొస ఒక్కసారి అటూ ఇటూ కొట్టుకుంది. బంటి అడుగు ముందుకు వేయలేదు. ఒళ్ళు కుదించుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, వచ్చిన దారినే వెనక్కి పోయాడు. మొత్తం నాలుగు సెకన్లు. చప్పుడన్నది లేదు. ఆ రాత్రి ఇలా ఎనిమిది సార్లు జరిగింది. తెల్లవారుజామున చుక్క లేచి హాల్లోకి వెళ్ళిన కాసేపటికి వాడు ఒక్క పరుగున వెళ్ళి వచ్చాడు. ఆ రాత్రంతటికీ అదొక్కటే.

"పడుకునే ఉంది కదండీ, ఏం చేసింది?" అన్నారు ఇంటాయన. ఆ నాలుగు సెకన్లను నెమ్మదిగా నాలుగుసార్లు తిప్పి చూపించాను. నాలుగోసారి ఆయనే అన్నారు: "దారి కాస్తోంది."

జర్మన్ ప్రవర్తన శాస్త్రవేత్త పాల్ లైహౌజెన్ పిల్లుల ముఖాలను, ఒంటి భంగిమలను గళ్ళుగా గీసి చూపించాడు. ఒకవైపు వెళ్ళేకొద్దీ దాడి ఉద్దేశం పెరుగుతుంది, ఇంకోవైపు వెళ్ళేకొద్దీ భయం పెరుగుతుంది, మధ్య గళ్ళలో రెండూ కలుస్తాయి. నాకు ఆ బొమ్మ ఇప్పటికీ రోజూ పనికొస్తుంది. చెవులు నెత్తికి చదునుగా అణిగి, నోరు తెరిచి బుస కొడుతుంటే అది భయం పాలు ఎక్కువున్న ముఖం. చెవులు నిలబడి వెనక్కి తిరిగి, చూపు కదలకుండా ఉంటే అది ముందుకు వచ్చే ముఖం. ఇంట్లో మనుషులం శబ్దానికి అలవాటు పడ్డవాళ్ళం. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళే గొడవ పెట్టుకుంటున్నారనుకుంటాం. బుస "దగ్గరికి రాకు" అనే విన్నపం లాంటిది. మొదటి రోజున చుక్క నిజంగా భయపడింది. దానికి తిట్లు పడ్డాయి. తర్వాత అది ఇంకొకటి కనిపెట్టింది: ఊరికే కూర్చుని చూస్తే చాలు, భయపెట్టేది తనంతట తనే వెనక్కి పోతుంది, తిట్లూ ఉండవు. ఎనిమిది సార్లు చూసింది, ఎనిమిది సార్లూ పనిచేసింది. ఏ జంతువైనా, మనిషైనా, అంత బాగా పనిచేసే ఉపాయాన్ని వదులుకోదు.

ఇంకో విషయం వీడియో చూస్తున్నప్పుడే తట్టింది. బంటి చెవులు ఏం చేశాయో కోన్ వల్ల నాకు కనబడలేదు. చుక్కకీ కనబడి ఉండదు. అంటే వాడు "నాకు గొడవొద్దు" అని చెవులతో చెబుతున్నా, ఆ మాట ప్లాస్టిక్ గోడ దాటి బయటికి రావడం లేదు. పైగా ఆ కోన్ తలను రెండింతలు చేసి చూపిస్తోంది. నడిస్తే గీరుకుంటోంది. అన్నిటికన్నా ముఖ్యంగా, వాడు తన ఒళ్ళు తాను నాక్కోలేడు. పన్నెండు రోజులైనా హాస్పిటల్ వాసన పూర్తిగా పోకపోవడానికి ఇదే కారణం అనుకున్నాను.

"తమ్ముణ్ణి మర్చిపోయిందా?"

ఆవిడ అడిగిన ప్రశ్న ఇది. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు ఇష్టముండదు. జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ 1963లో రాసిన వ్యాసంలో, జంతువు ఒక పని ఎందుకు చేసిందన్న ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు దాగున్నాయన్నాడు. ఇప్పటికిప్పుడు దాన్ని కదిలించింది ఏది, పెరిగే క్రమంలో ఆ ప్రవర్తన ఎలా తయారైంది, దానివల్ల ఆ జంతువు బతుక్కి ఏం లాభం, ఆ జాతి చరిత్రలో అది ఎలా వచ్చింది. పదేళ్ళ తర్వాత కొన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఆ నాలుగు ప్రశ్నలు కన్సల్టేషన్ గదిలో కోపం తగ్గించే పనిముట్లు. "చెడ్డది కాబట్టి" అన్న జవాబు ఆ నాలుగింటిలో ఎక్కడా ఇమడదు.

కదిలించింది వాసన. పిల్లి బుగ్గల్లో, గడ్డం కింద, కణతల దగ్గర, తోక మొదట్లో, కాలి వేళ్ళ మధ్య వాసన గ్రంథులు ఉంటాయి. కలిసి బతికే పిల్లులు ఒకదానికొకటి బుగ్గలు, పక్కలు రాసుకుంటూ ఉంటాయి. రాయగా రాయగా గుంపంతటికీ ఒక ఉమ్మడి వాసన తయారవుతుంది. మనకు అది ముద్దులా కనబడుతుంది. వాటికి అది గుర్తింపు కార్డు దిద్దుకోవడం. ఫ్రెంచ్ పరిశోధకుడు పాట్రిక్ పజా పిల్లి ముఖ స్రావాలను ఐదు రకాలుగా విడదీశాడు. తోటి పిల్లికి రాసేది ఒకటి, వస్తువులకు రాసేది ఇంకొకటి. ముక్కుతో పాటు నోటి పైకప్పులో జాకబ్సన్ అవయవం అని ఇంకో వాసన పరికరం ఉంది. చుక్క నోరు తెరిచి లాగింది దాంతోనే. అక్కడ దానికి అందినవి మందులు, క్రిమిసంహారక ద్రవం, తెలియని జంతువులు, బహుశా వీటన్నిటి మీదా భయం వాసన. బాగా బెదిరిన పిల్లి మలద్వారం పక్కనుండే గ్రంథుల స్రావం వదిలేస్తుంది. ఆకారం బంటిది. లోపల ఎవరో.

ఇది పిల్లుల వెర్రితనం అనుకోకండి. 1958లో అమెరికన్ జీవశాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్, ఆయన సహచరులు చీమల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. చచ్చిన చీమ శరీరంలో ఓలిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లాన్ని బతికున్న చీమకు రాస్తే, కాళ్ళు తన్నుకుంటున్నా సరే తోటి చీమలు మోసుకెళ్ళి చెత్తకుప్పలో పడేశాయి. అది లేచి వచ్చింది. మళ్ళీ మోసుకెళ్ళాయి. ఒళ్ళు శుభ్రం చేసుకునేదాకా దానికి బతికున్నట్టు గుర్తింపు రాలేదు. గొర్రె ఈనిన మొదటి గంటల్లో పిల్ల వాసన పట్టుకుంటుంది. ఆ తర్వాత వేరే పిల్ల వస్తే తన్ని తరిమేస్తుంది. అందుకే తల్లిలేని పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయడానికి, ఆ గొర్రెకు చచ్చిపుట్టిన పిల్ల చర్మాన్ని దీనికి కప్పుతారు కాపరులు. కన్ను చూసినదానికీ ముక్కు చెప్పినదానికీ తేడా వస్తే, ఈ లోకంలో చాలా జీవులు ముక్కు మాటే వింటాయి. మనం వేరు.

మిగతా మూడు ప్రశ్నల్లో జాతి చరిత్ర ఒక్కటే ఇక్కడ కొంచెం విప్పాలి. ఇంటిపిల్లి పూర్వీకురాలు ఆఫ్రికా అడవిపిల్లి, ఫెలిస్ లిబికా. 2007లో వచ్చిన జన్యు అధ్యయనం దీన్ని తేల్చింది. అది ఒంటరి వేటగత్తె. ఎవరి ఇలాకా వారిది, వాసన గుర్తులు పెట్టి ఎదురుపడకుండా తిరగడమే దాని మర్యాద. మనిషి చుట్టూ తిండి పోగయ్యాక పిల్లులు గుంపులుగా బతకడం నేర్చాయి. ఆడపిల్లులు, అక్కాచెల్లెళ్ళు కలిసి పిల్లల్ని సాకుతాయి కూడా. కానీ ఆ గుంపు పరిచయస్తుల గుంపు. పరాయి వాసనతో లోపలికి వచ్చినవాడికి తలుపు తెరవడం అందులో లేదు.

ఇంటాయన చేసిన "తేల్చుకుంటాయి" ప్రయోగం ఎందుకు బెడిసికొట్టిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. పరిశోధకులు ఫ్రాన్స్ డి వాల్, ఏంజెలిన్ ఫాన్ రోస్మాలెన్ నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ జూలో చింపాంజీలను గమనించి 1979లో ఒక వ్యాసం ప్రచురించారు. కొట్టుకున్న రెండు చింపాంజీలు కాసేపటికే వెతుక్కుంటూ వెళ్ళి ముద్దు పెట్టుకోవడం, కౌగిలించుకోవడం చూశారు. వాటికి రాజీ పద్ధతులున్నాయి. రోజూ కలిసి బతకక తప్పనివాళ్ళకు అవి అవసరం. పిల్లుల్లో అలాంటి తంతు పెద్దగా కనబడదు. గొడవ తీర్చుకోవడానికి వాటి దగ్గరున్నది దూరం. గది తలుపు వేసి ఆ ఒక్కదాన్నీ లాక్కుంటే చేతిలో మిగిలేది గోళ్ళే. నేనిది చెబుతున్నప్పుడు ఇంటాయన మాట్లాడలేదు. తర్వాత ప్లాన్‌లో అన్నిటికన్నా ఓపికగా పనిచేసింది ఆయనే.

తువ్వాలు

ప్లాన్ మొదటి భాగం తేలిక. రెండింటినీ విడదీయాలి. బంటికి పడకగది, అక్కడే లిట్టర్ బాక్సు, నీళ్ళు, గీరుకునే స్తంభం, ఎక్కి కూర్చునే అర. చుక్కకు మిగతా ఇల్లు. కొత్తగా మూడో బాక్సు. మూడూ మూడు చోట్ల. "జైల్లో పెట్టినట్టు కాదా?" అని ఆవిడ టెన్షన్ పడ్డారు. మొదటి రాత్రే బంటి పడకగది బాక్సులో మూడుసార్లు పోశాడని పొద్దున్నే మెసేజ్ వచ్చింది. మంచం మళ్ళీ తడవలేదు. ఏ మందూ లేకుండా, ఒక్క తలుపుతో.

రెండో భాగంలో నేను తప్పు చేశాను. ఒకరి వాసన ఇంకొకరికి అలవాటు చేయడం ఈ చికిత్సకు వెన్నెముక. బంటి పడుకునే తువ్వాలు తీసుకెళ్ళి చుక్క తిండిగిన్నె పక్కన వేయమన్నాను. వేశారు. చుక్క తినడం మానేసి, తువ్వాలు చుట్టూ దూరంగా తిరిగి, రోజంతా ఫ్రిజ్ మీద కూర్చుంది. సాయంత్రం పడకగది తలుపు దగ్గర, చాలా రోజుల తర్వాత, మళ్ళీ బుస కొట్టింది. నాకు అర్థం కాలేదు. అంత సున్నితమైన పిల్లి అయితే మందు మొదలుపెట్టాలేమో అని కూడా ఆలోచించాను. రెండు రోజుల తర్వాత మామూలు మాటల్లో ఆవిడ అన్నారు: "ఆ తువ్వాలు వాడికి ప్రాణం, హాస్పిటల్లో కూడా దాని మీదే పడుకున్నాడు." ఉతకలేదు. వాడికి బెంగ ఉంటుందని అలాగే ఉంచారు. క్యారియర్ కూడా ఆ రోజు నుంచి హాల్లో ఓ మూల తెరిచే ఉంది. ఇల్లంతా వెతికి లోపాలు రాసుకున్న నేను, ఏ తువ్వాలు అని ఒక్క మాట అడగలేదు. చుక్కకు కొత్త బంటిని పరిచయం చేయబోయి, హాస్పిటల్నే తెచ్చి గిన్నె పక్కన పరిచాను.

అన్నీ ఉతికించాం. క్యారియర్ కడిగి ఎండలో పెట్టారు. చికిత్స చేసిన డాక్టరుతో మాట్లాడి కోన్ తీయించాం. వాడు గంటన్నర సేపు ఆపకుండా ఒళ్ళు నాక్కున్నాడట. తర్వాత మూడు రోజులు ఏమీ చేయొద్దన్నాను. వాడి వాసన వాడికి తిరిగి రావాలి ముందు.

నాలుగో రోజున శుభ్రమైన నూలు సాక్సు. బంటి నిద్రమత్తులో ఉన్నప్పుడు బుగ్గల మీద నెమ్మదిగా రాసి, చుక్క నడిచే దారిలో, గిన్నెకు దూరంగా పడేయాలి. దగ్గరికి తీసుకెళ్ళి చూపించకూడదు. వెళ్ళి వాసన చూడాలా వద్దా అన్నది చుక్క ఇష్టం. మొదటి రోజు చూసి పక్కకు పోయింది. మూడో రోజు దాని మీద బుగ్గ రాసింది. ఆ వీడియో చూసి నేను కుర్చీలోంచి లేచాను. తన వాసన దాని మీద వేయడమంటే, దాన్ని తన వస్తువుల్లో చేర్చుకోవడం మొదలైందన్నమాట. తర్వాత రోజుకోసారి గదులు మార్చాం. వాడు ఇల్లంతా తిరిగి రాసుకోవడం, అది పడకగదిలో దొర్లడం, రెండూ ఎదురుపడకుండానే.

ఇంట్లో అప్పటికే గదిలోకి వాసన వదిలే సింథటిక్ ఫెరోమోన్ డిఫ్యూజర్ ఒకటి కొని పెట్టుకున్నారు. అది పిల్లులు వస్తువులకు రాసే వాసనకు నకలు. దాని మీద జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు. ఉంటే ఉండనివ్వమన్నాను. లిట్టర్ బాక్సు చోటు మార్చకుండా డిఫ్యూజర్ మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళలో అది గోడకు వేలాడే సాకు అవుతుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ బృందం 2006లో ప్రచురించిన పనిలో, మూత్రసంచి వాపు పదేపదే వచ్చే 46 పిల్లులకు చేసింది ముఖ్యంగా ఇంటి ఏర్పాట్లు మార్చడమే. దాగే చోట్లు, ఎక్కే చోట్లు, ఆట, తోటి పిల్లులతో గొడవ తగ్గించడం. జబ్బు గుర్తులు తగ్గాయి. బంటి విషయంలో చుక్కతో రాజీ ఒక కుటుంబ సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. అది వాడి మూత్రసంచికి మందు.

తలుపు సందు

మూసిన తలుపుకు అటూ ఇటూ తిండి. మొదట ఆరడుగుల దూరంలో, తర్వాత రోజుకు జానెడు దగ్గరగా. తర్వాత వేలు పట్టేంత సందు. తర్వాత జాలీ తలుపు, దాని మీద దుప్పటి, దుప్పటి అంచు రోజూ కొంచెం పైకి. ఇవన్నీ వివరంగా రాస్తే విసుగు పుడుతుంది, చేస్తుంటే ఇంకా విసుగు పుడుతుంది. నియమం ఒక్కటే: ఎవరైనా తినడం ఆపి కన్నార్పకుండా చూస్తే, నిన్నటి దూరానికి తిరిగి వెళ్ళాలి. ఆ చూపును తెంచడానికి అరవొద్దు, పట్టుకోవద్దు, మధ్యలోకి ఒక అట్టముక్క జరపాలి. ఇంటాయన ఒక పెద్ద అట్టపెట్టె పలక కత్తిరించి, పిడి అతికించి, అచ్చం యుద్ధంలో డాలులా తయారు చేసుకున్నారు.

బాబుకు వేరే పని ఇచ్చాను. చుక్క వాడి చేతులకు భయపడుతోంది, వాడు చుక్కకు భయపడుతున్నాడు. దూరంగా నేల మీద కూర్చుని, చుక్క చూసినప్పుడు కళ్ళు సగం వాల్చి, నెమ్మదిగా మూసి తెరవమన్నాను. ససెక్స్ యూనివర్సిటీకి చెందిన టాస్మిన్ హంఫ్రీ, కారెన్ మెకాంబ్ బృందం 2020లో ఇదే పరీక్షించింది. మనిషి అలా నెమ్మదిగా రెప్పలు వాలిస్తే పిల్లులు కూడా తిరిగి వాల్చడం, చాచిన చేతి వైపు రావడం ఎక్కువైంది. గుడ్లప్పగించి చూడడం బెదిరింపు అయిన చోట, రెప్ప వాల్చడం ఎంత పెద్ద మాటో వాడికి వెంటనే అర్థమైంది. వారంలో చుక్క వాడి కాలికి బుగ్గ రాసింది. వాడు ఆ విషయం నాకు ఫోన్ చేసి చెప్పాడు, చాలా రహస్యంగా.

ఐదో వారంలో అంతా మళ్ళీ మొదటికొచ్చింది. జాలీ తలుపుకు ఇరువైపులా ప్రశాంతంగా తింటున్న పిల్లులు ఒక పొద్దున గుప్పుమన్నాయి. చుక్క జాలీ మీదకు ఎగిరింది. నేను ముందు జాలీనే తప్పుపట్టాను. కెమెరాలో చూస్తే, అంతకు నిమిషం ముందు చుక్క బాల్కనీ తలుపు అద్దం దగ్గర ఉంది. అవతల ఒక వీధిపిల్లి. చుక్క తోక సీసా కడిగే బ్రష్‌లా ఉబ్బింది. అద్దం దాటి పోలేదు. వెనక్కి తిరిగింది, ఎదురుగా బంటి ఉన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు. శాస్త్రం కూడా దీన్ని దారిమళ్ళిన దాడి అనే అంటుంది. అద్దం కింది సగానికి మసక కాగితం అంటించాం, వారం వెనక్కి వెళ్ళాం.

ఏడో వారంలో తొలిసారి తలుపు పూర్తిగా తీశాం. బంటి గుమ్మంలోకి వచ్చి ఆగాడు. చుక్క తల ఎత్తింది. చెవులు ముందుకే ఉన్నాయి. రెండు క్షణాల తర్వాత వాడి తోక లేచింది, కొస కొంచెం వంగి, ప్రశ్నార్థకంలా. చుక్క లేచి పక్కకు వెళ్ళి, నేల మీద కూర్చుని తన కాలు నాక్కుంది. అంతకుమించి ఏమీ జరగలేదు. నా నోట్సులో ఆ రోజు "అద్భుతం" అని ఉంది.

తొమ్మిదో వారంలో ఇంటావిడ కంగారుగా ఒక వీడియో పంపారు: ఇద్దరూ కలబడి దొర్లుతున్నారు. చప్పుడు లేదు. "మళ్ళీ ఆ మౌనమేనా?" అని అడిగారు. నేను నేర్పిందే నాకు అప్పజెప్పారు. ఈసారి జవాబు వేరు. వంతులవారీగా కింద పడుతున్నారు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు, ఎవరూ పారిపోవడం లేదు. 2023లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో పిల్లుల జంటల వీడియోలను విశ్లేషించిన అధ్యయనం ఒకటి వచ్చింది. అరుపు లేకుండా కుస్తీ పట్టడం ఎక్కువగా ఆటలో కనబడుతుందని, అరుపులు, తరమడం గొడవ వైపు ఎక్కువని అందులో తేలింది. కదలని మౌనం వేరు, కదిలే మౌనం వేరు. ఆ వీడియోలో ఉన్నది ఆట.

ఆరు నెలలకు

పదకొండో వారానికి ఇంట్లో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మూడు బాక్సులు మూడు చోట్లే ఉన్నాయి, అవి మాత్రం ఎప్పటికీ కదపొద్దని చెప్పాను. ఆరు నెలల్లో బంటికి మూత్రం మళ్ళీ బిగుసుకోలేదు. మంచం తడవలేదు.

ఆవిడకు మాత్రం ఒక దిగులు ఉండిపోయింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే సోఫా మీద పడుకుంటారు గానీ మధ్యలో ఒక దిండు ఉంటుంది. పాత ఫొటోల్లోలా మెడలు పెనవేసుకుని కాదు. "ఇదివరకులా అవుతారా డాక్టర్ గారూ?" అని అడిగారు. కాకపోవచ్చు అనే చెప్పాను. ఆ దిండు ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ పెట్టలేదు, మొదటి నుంచీ అక్కడే ఉందన్నారు. పిల్లులు దాని అటొకరు ఇటొకరు చేరాయి. దాన్ని తీసేయొద్దన్నాను.

ఆ తర్వాత ఒకసారి బంటిని తనిఖీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఈసారి ఉతికిన దుప్పటి ఒకటి విడిగా పెట్టుకుని వెళ్ళారు. రాగానే వాణ్ణి నేరుగా పడకగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు, ఒళ్ళు నాక్కునేదాకా. చుక్క తలుపు కింద సందులో ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూసిందట. సాయంత్రం ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది: "ఒక్కసారి బుస కొట్టి వెళ్ళిపోయింది డాక్టర్ గారూ. నేనేమీ అనలేదు."